గురి పెట్టటం, గురి కావటం

తెలుగులో 'గురి' అన్న రెండక్షరాల మాటకు మూడు ముఖాలున్నాయి. గురి పెట్టటం మొదటిది. ఒకరి మీద గురి ఉండటం, అనగా నమ్మకం ఉండటం రెండవది. 'గురి కుదిరితే గుణం' అని పెద్దలన్నది ఈ అర్థంలోనే. మూడవది గురి కావటం: ఒత్తిడికి గురి కావటం, అవమానానికి గురి కావటం. మొదటి దానిలో మనిషి విలుకాడు. మూడవ దానిలో మనిషే లక్ష్యం. మా బెజవాడలో పిల్లలకు మొదటిది నేర్పుతున్నామని చెప్పి మూడవది చేస్తున్నారు. నా ఫిర్యాదు ఇదే. తక్కినదంతా దీనికి వ్యాఖ్యానం.

వ్యక్తిత్వ వికాస ఉపన్యాసకుడు మైకు పట్టుకుంటే చాలు, అర్జునుడు వచ్చేస్తాడు. చెట్టు మీద పిట్ట, పిట్టకు కన్ను. "నీకు కన్ను ఒక్కటే కనపడాలి. ఆకులు కనపడకూడదు, కొమ్మలు కనపడకూడదు, తోటివాడు కనపడకూడదు, అమ్మా నాన్నా కనపడకూడదు. ర్యాంకు ఒక్కటే కనపడాలి." చప్పట్లు. ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరంలో చేరిన 15 ఏళ్ళ పిల్లవాడు తెల్లవారుజామున లేచి రాత్రి పొద్దుపోయేదాకా ఆ కన్ను కోసం వెతుకుతూ ఉంటాడు.

ఈ కథను ఇలా చెప్పేవారు రెండు విషయాలు చదవలేదని నా నమ్మకం. ఒకటి భారతం. రెండవది గురి. మొదటిది నా వృత్తి; నలభై ఏళ్ళకు దగ్గరగా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. రెండవది పదవీ విరమణ తరువాత పట్టుకున్న వ్యసనం. పెరట్లో ఇటుక గోడకు మట్టి బస్తాలు పేర్చి, వాటి ముందు కాగితపు చక్రాలు కట్టి, గాలి తుపాకీతో కాలుస్తూ ఉంటాను. పండితుడికి తుపాకీ ఏమిటని నవ్వేవారు నవ్వవచ్చు. వ్యాకరణం చదివినవాడికి లక్ష్యం, లక్షణం అన్న జంట కొత్తది కాదు. ప్రయోగం లక్ష్యం, దాన్ని సాధించే సూత్రం లక్షణం. లక్షణం చెప్పకుండా లక్ష్యాన్ని మాత్రం చూపించి "సాధించు" అనేవాడిని మా గురువులు పండితుడనేవారు కాదు.

ముందు భారతం సంగతి చూద్దాం.

వ్యాసభారతం ఆదిపర్వంలో ద్రోణుడు శిల్పుల చేత ఒక కృత్రిమ పక్షిని చేయించి చెట్టు చివర పెట్టించాడు. శిష్యులను ఒక్కొక్కరినే పిలిచి ఏమి కనిపిస్తున్నదని అడిగాడు. ధర్మరాజుకు చెట్టు, గురువు, తమ్ములు, పక్షి అన్నీ కనిపించాయి. అర్జునుడికి పక్షి మాత్రమే కనిపించింది. ఇంకా వివరంగా చెప్పమంటే పక్షి తల మాత్రమే చూస్తున్నానన్నాడు. తల! కన్ను కాదు. ద్రోణుడు పడగొట్టమన్నదీ తలనే. చెప్పేవాళ్ళ నోళ్ళలో తల కన్నుగా కుదించుకుపోయింది. పోటీ పెరిగిన కొద్దీ ఇంకో పదేళ్ళకు అది కనుపాప కావచ్చు, ఆ పైన కనురెప్ప వెంట్రుకా కావచ్చు.

ఇది వట్టి పాఠభేదమని కొట్టివేస్తారేమో, వేయండి. ఇంతకన్నా పెద్ద విషయం ఉంది. ఆ పక్షి ఘట్టం విద్య చివర వస్తుంది. అది పరీక్ష, పాఠం కాదు. పాఠం దానికి ముందు ఉంది. దానిని ఏ ఉపన్యాసకుడూ చెప్పగా నేను వినలేదు.

ఒక రాత్రి అర్జునుడు భోజనం చేస్తుండగా గాలికి దీపం ఆరిపోయింది. చీకట్లో కూడా చెయ్యి తప్పకుండా నోటికి పోయింది. అలవాటు వల్ల చెయ్యి చూడకుండానే దారి తెలుసుకుంటుందని ఆ కుర్రవాడు గ్రహించాడు. అప్పటినుంచి చీకట్లో బాణాలు వేయటం సాధన చేశాడు. ఇందులో మరొక చమత్కారం ఉంది. అర్జునుడికి చీకట్లో అన్నం పెట్టవద్దని ద్రోణుడు వంటవాడిని రహస్యంగా హెచ్చరించి ఉంచాడు! ఏ గుట్టు బయటపడకూడదని గురువు అనుకున్నాడో ఆ గుట్టును గాలి చెప్పేసింది.

మనం 'చీకట్లో బాణం' అంటే గుడ్డి అంచనా అనే అర్థంలో వాడుతున్నాం. అర్జునుడి విద్య సరిగ్గా అదే. అతడిని విలుకాడిని చేసింది కన్ను కాదు. లక్ష్యం కనిపించని చోట కూడా చెదరని అలవాటు. ఏది చూడాలో చెప్పటం క్షణం పని. ఆ అలవాటు చేయించటానికి ఏళ్ళు పడుతుంది. మైకు పట్టుకున్నవారు క్షణం పని చేసి ఏళ్ళ పనికి కూలి అడుగుతున్నారు.

ఇక తుపాకీ సంగతి. గాలి తుపాకీ మొదటి పాఠమే ఉపన్యాసకుడి నోరు మూయిస్తుంది.

తుపాకీ వెనుక ఒక సైటు, గొట్టం చివర ఒక సైటు, దూరాన లక్ష్యం: ఈ మూడూ ఒక వరుసలోకి రావాలి. మనిషి కన్ను ఒకేసారి మూడు దూరాలను స్పష్టంగా చూడలేదు, ఒక్కదానినే చూడగలదు. ఆ ఒక్కటి ఏది? కొత్తవాడు లక్ష్యం అంటాడు. శిక్షకుడు కాదంటాడు. స్పష్టంగా కనపడవలసినది ముందు సైటు. లక్ష్యం కొంచెం మసకగానే ఉండాలి. లక్ష్యం మీద ఆశపడి దానినే తేరిపార చూస్తే ముందు సైటు మసకబారుతుంది. అది వెంట్రుకవాసి కదిలినా మనకు తెలియదు, గుండు పక్కకు పోతుంది. లక్ష్యం మనవైపు రాదు, అది పారిపోదు కూడా. కదిలేది మన చేతిలో ఉన్నది, కాబట్టి చూపు దాని మీద ఉండాలి. పిల్లవాడికి కనపడవలసినది దూరాన ఉన్న ర్యాంకు కాదు, ముందున్న లెక్క. ర్యాంకు మసకగానే ఉండాలి. మసకగా ఉంటేనే లెక్క స్పష్టంగా కనపడుతుంది.

దుర్భిణి బిగించుకుంటే ఈ ఇబ్బంది లేదు కదా అని తెలిసినవారు అడుగుతారు. దానిలో గీతలూ లక్ష్యమూ ఒకే తలంలో కనపడతాయి, నిజమే. కాని దూరానికి తగ్గట్టు దానిని సరిచేయకపోతే, కన్ను కొంచెం పక్కకు జరిగితే గీతలు లక్ష్యం మీద జరిగినట్లు కనిపిస్తాయి. ఏ పరికరమైనా తల పెట్టే చోటు ప్రతిసారీ ఒక్కటే కావాలని అడుగుతుంది. మళ్ళీ అలవాటు దగ్గరికే వచ్చాం.

దూరం పెరిగితే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. గుండు సెకనుకు సగటున 200 మీటర్లు పోతుందనుకోండి. 10 మీటర్లు పోవటానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. ఆ వ్యవధిలో భూమి దానిని 1.2 సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. 50 మీటర్లు పోవటానికి పావు సెకను. ఆ పావు సెకనులో పడిపోయేది 30 సెంటీమీటర్లకు పైన, జానెడు దాటి. దూరం అయిదింతలైతే పతనం ఇరవై అయిదింతలు. దారిలో గుండు వేగం తగ్గుతూ పోతుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే పడుతుంది.

అందుచేత దూరాన్ని కొట్టేవాడి తుపాకీ గొట్టం లక్ష్యం వైపు చూడదు, దానికి పైకి చూస్తుంది. సూటిగా లక్ష్యానికి పెట్టిన గొట్టం తప్పకుండా కిందికి కొడుతుంది. పైగా గాలి ఉంది. నడుము సన్నంగా, పావుతులం కూడా లేని సీసపు గుండుకు మన వేసవి సాయంత్రపు పైరగాలి చాలు. గాలి లక్ష్యం దగ్గర వీస్తే కలిగే నష్టం కన్నా గొట్టం మూతి దగ్గర వీస్తే కలిగే నష్టం ఎక్కువ. మొదట్లో పక్కకు తిరిగిన గుండు చివరిదాకా ఆ తిరుగుడునే మోసుకుపోతుంది. అందుకే దారి పొడవునా పుల్లలకు దారాలు కట్టి, గడ్డి కదలికను చూసి, ఆకు ఎటు వాలిందో గమనించి కాలుస్తారు. ఆకులు కనపడకూడదు, కొమ్మలు కనపడకూడదు అన్న ఉపన్యాసకుడు ఇక్కడ ఒక్క గుండు కూడా చక్రంలో వేయలేడు. ఇంట్లో అప్పు, ఊళ్ళో తల్లి జబ్బు, గదిలో కరెంటు, కంచంలో అన్నం: ఇవన్నీ పిల్లవాడి చదువు మీద వీచే గాలులు. వాటిని చూడవద్దని చెప్పినంత మాత్రాన అవి వీచటం మానవు.

తరువాతి పాఠం పట్టు. స్ప్రింగ్ తుపాకీలో మీట నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది, తుపాకీ వెనక్కి తంతుంది. పిస్టన్ గాలిని నొక్కి ఆగేసరికి తుపాకీ ముందుకు కుదుపుతుంది. గుండు ఇంకా గొట్టంలో ఉండగానే ఈ రెండూ అయిపోతాయి. కదలకుండా చేద్దామని బిగించి పట్టుకుంటారు కొత్తవాళ్ళు. పట్టు ఒక్కొక్కసారి ఒక్కొక్క బిగువులో ఉంటుంది కాబట్టి గుండ్లు నాలుగు వైపులా పోతాయి. అరచేతి మీద వదులుగా పెట్టి, దాని తన్ను దానిని తన్ననిచ్చి, ప్రతిసారీ ఒకే తీరున తన్నేలా చూసుకోవటమే ఉపాయం. బిగువుకూ నిలకడకూ సంబంధం లేదని నాకు యాభై రూపాయల గుండ్లు తెలిపినంత స్పష్టంగా ఏ శాస్త్రమూ తెలపలేదు.

నిలబడే తీరులో ఇంకొక రహస్యం ఉంది. తుపాకీ ఎత్తి, కళ్ళు మూసుకొని, రెండు ఊపిరులు తీసి కళ్ళు తెరిస్తే తుపాకీ తనకు సహజమైన చోటికి పోయి ఉంటుంది. అది లక్ష్యానికి పక్కగా ఉంటే చేతులతో లాక్కురాకూడదు. లాగిన కండరం మీట నొక్కే వేళకు వదులై, తుపాకీ మళ్ళీ తన చోటికి పోతుంది. పాదాలు జరుపుకోవాలి. పిల్లవాడి మనసు సంగీతం వైపో, చెట్లూ పురుగుల వైపో, కథల వైపో ఉంటే మనవాళ్ళు చేసేది చేతులతో లాగటం. పాదాలు జరపటానికి తీరిక ఎవరికీ లేదు.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పాఠం దించటం. ఊపిరి వదిలాక, మళ్ళీ పీల్చే ముందు కొన్ని సెకన్ల సహజ విరామం ఉంటుంది. పేల్చవలసినది ఆ విరామంలో. ఆ లోపల గురి కుదరకపోతే పట్టుదలకు పోకూడదు. కంటికి అలుపు వస్తుంది, చెయ్యి వణుకుతుంది, తొందరలో మీట గుంజుతాము. తుపాకీ దించాలి. నాలుగు ఊపిరులు తీసి మళ్ళీ ఎత్తాలి. దించినందుకు మార్కులు పోవు. మంచి కాల్పరికి, సాధారణ కాల్పరికి తేడా ఎత్తటంలో కన్నా దించటంలో తెలుస్తుంది. మా ప్రాంతపు వసతి గృహాల్లో దించటం అనే విద్యే లేదు. రెండేళ్ళపాటు ఎత్తి పట్టుకునే ఉండాలి.

చివరిది లెక్కింపు. కొత్తవాడు అయిదు గుండ్లు వేసి, ఒకటి నడిమి చుక్కకు తగిలితే గంతులేస్తాడు. తక్కిన నాలుగూ చక్రం నలుమూలలా ఉంటే ఆ ఒక్కటీ గుడ్డివాడు విసిరిన రాయి. మరొకడి అయిదు గుండ్లూ చుక్కకు మూడంగుళాల ఎడమన, ఒక్క రూపాయి బిళ్ళ కింద దాగేటంత దగ్గరగా పడ్డాయనుకోండి. వాడి ఫలకం మీద మార్కులు తక్కువ. కాని విద్య వాడిదే. సైటు మీట కొంచెం తిప్పితే అయిదూ చుక్కలోకి వస్తాయి. మొదటివాడికి తిప్పటానికి మీట లేదు. ముందు నిలకడ, ఆ తరువాతే గురి. ఒక్క పరీక్ష, ఒక్క రోజు, ఒక్క మార్కు చూసి పిల్లలను 'పై బ్యాచి', 'కింది బ్యాచి' అని విడదీసేవారికి ఈ తేడా తెలియదు. వాళ్ళు ఒక్క గుండును చూసి విలుకాడిని కొలుస్తున్నారు.

ఈ విద్య ఎంత సూక్ష్మమో చెప్పటానికి ఒక్క కొలత చాలు. ఒలింపిక్ 10 మీటర్ల గాలి తుపాకీ పోటీలో పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. లక్ష్యం కన్నా గుండే తొమ్మిదింతలు! 2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండనులో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఈ చుక్క మీదనే. ఆ నారంగ్‌కు కాంస్యం తెచ్చిన మొత్తం 701.1, స్వర్ణం గెలిచిన రుమేనియా కుర్రవాడి మొత్తం 702.1. తేడా ఒక్క మార్కు.

ఈ సందర్భంలోనే ఒక మాట. గాలి తుపాకీ చేతికి రాగానే కొల్లేటి వైపు బండి తిప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ద్రోణుడి ఉదాహరణ చాలు: శిష్యుల పరీక్షకు ఆయన కూడా బొమ్మ పిట్టనే పెట్టాడు. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉండనే ఉంది. కాగితానికి గురి పెట్టలేనివాడే పిట్టకు గురి పెడతాడు.

మళ్ళీ బెజవాడకు వద్దాం. ఈ విషయంలో మనం ఎవరి దగ్గరికో పోయి నేర్చుకోవలసిన పని లేదు. గురి అంటే ఏమిటో చెప్పగలిగినవారు ఈ ఊళ్ళోనే పుట్టారు. చెరుకూరి సత్యనారాయణగారు నిలబెట్టిన ఓల్గా విలువిద్యా అకాడమీ ఇక్కడిది. 2010లో రోడ్డు ప్రమాదంలో పోయిన ఆయన కుమారుడు లెనిన్ స్వయంగా విలుకాడు, శిక్షకుడు. జ్యోతి సురేఖ, ధీరజ్ ఈ ఊరి పిల్లలే.

వెన్నం జ్యోతి సురేఖ విల్లు కాంపౌండ్ విల్లు. 50 మీటర్ల దూరం, పది మార్కుల వలయం 8 సెంటీమీటర్లు. ఆమెకు 2017లో అర్జున పురస్కారం వచ్చింది, పేరు గమనించండి. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. కాని ఆమె ఎదిగిన కాలమంతా కాంపౌండ్ విల్లుకు ఒలింపిక్స్‌లో చోటే లేదు. 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో ఆ విల్లుతో మిశ్రమ జట్ల పోటీ పెట్టాలన్న నిర్ణయం 2025 ఏప్రిల్‌లో వచ్చింది. అనగా మన ఉపన్యాసకుడి లెక్కలో ఆమెకు అన్నాళ్ళూ 'పిట్ట కన్ను' లేదు. లక్ష్యాలన్నిటిలో పెద్ద లక్ష్యం అసలు ఫలకం మీద లేని విద్యను ఒక అమ్మాయి ఏళ్ళ తరబడి సాధన చేసింది. దేనికోసం? రేపటి బాణం ఇవ్వాళ్టి బాణం కన్నా బాగా వేయటం కోసమని నేననుకుంటాను. దానినే మా కాలంలో చదువు అనేవారు.

బొమ్మదేవర ధీరజ్ కథ ఇంకా చెప్పదగినది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తొలి వరుసక్రమపు పోటీలో 70 మీటర్ల దూరం నుంచి 72 బాణాలు వేసి 720కి 681 తెచ్చుకొని నాలుగో స్థానంలో నిలిచాడు. తరువాత వ్యక్తిగత పోటీలో కెనడా విలుకాడితో సరిసమానమై, తేల్చటానికి చెరొక బాణం వేయవలసి వచ్చింది. ధీరజ్ పది కొట్టాడు. అవతలివాడూ పది కొట్టాడు. కేంద్రానికి అవతలివాడి బాణం దగ్గరగా ఉంది. ధీరజ్ ఆ పోటీ నుంచి నిష్క్రమించవలసి వచ్చింది. 

ఇప్పుడు చెప్పండి, ఇతడు గురి తప్పాడా? తప్పలేదు. పదికి పది కొట్టాడు. తప్పినది ర్యాంకు. గురి మన చేతిలో ఉండేది. ర్యాంకులో సగం అవతలివాడి చేతిలో ఉంటుంది. ఈ రెంటినీ ఒకటిగా చూపించటమే ఈ వ్యాపారంలోని అసలు మోసం. ధీరజ్ వంటివాడికి ఈ తేడా తెలుసు. శిక్షకులు అతడికి అది నేర్పి ఉంటారు. ఆ తరువాత మళ్ళీ విల్లు ఎత్తాడు, మిశ్రమ జట్టులో అంకితా భకత్‌తో కలిసి కాంస్యపు పోటీ దాకా వెళ్ళి నాలుగో స్థానంతో తిరిగి వచ్చాడు. పదికి పది కొట్టి కూడా వెనుకబడవచ్చునని, వెనుకబడినా విలుకాడే అవుతాడని మన 17 ఏళ్ళ పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

విలుకాళ్ళ సాధనలో ఒక పద్ధతి ఉంది. నాలుగడుగుల దూరంలో గడ్డి దిమ్మ పెట్టి, దాని మీద చక్రం లేకుండా, కళ్ళు మూసుకొని కూడా బాణాలు వేయిస్తారు. లక్ష్యం లేదు కాబట్టి గెలుపోటములు లేవు. భుజం ఎలా కదిలింది, వేళ్ళు ఎలా విడిచాయి, అదొక్కటే తెలుస్తుంది. అర్జునుడు చీకట్లో చేసినది ఇదే. మన కళాశాలల్లో చక్రం లేని దిమ్మ ఒక్కటైనా ఉందా? వారానికొక పరీక్ష, నెలకొక పట్టిక, పట్టిక కింద పేర్లు, పేర్ల కింద తలవంపులు. ప్రతి బాణమూ పోటీ బాణమే. సాధన బాణం అన్నదే లేనివాడు ఎప్పటికి విలుకాడవుతాడు?

ఇది నా ఒక్కడి గొణుగుడు కాదు. విశాఖపట్నంలో వసతి గృహంలో ఉంటూ వైద్య ప్రవేశ పరీక్షకు తయారవుతున్న 17 ఏళ్ళ అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులో 2025 జులైలో సుప్రీం కోర్టు తీర్పు చెబుతూ దేశానికంతటికీ మార్గదర్శక సూత్రాలు ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచులుగా విడదీయటం, అందరి ముందు అవమానించటం, సామర్థ్యానికి మించిన లక్ష్యాలు పెట్టటం మానుకోవాలన్నది వాటిలో ఒకటి. లక్ష్యాలు! అత్యున్నత న్యాయస్థానం కూడా ఆ మాట దగ్గరికే రావలసి వచ్చింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో ఈ దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. కారణాలు అనేకం, అన్నిటికీ కళాశాలలే బాధ్యులని నేననను. కాని గురి పెట్టమని చెప్పి గురి చేసిన పిల్లలు ఆ లెక్కలో లేరని ఎవరనగలరు?

నాకు వచ్చే జవాబులు నాకు తెలుసు.

"మాస్టారూ, మీకు పింఛను వస్తుంది, పెరడు ఉంది, తుపాకీ ఉంది. ఎకరం పొలం అమ్మి ఫీజు కట్టినవాడికి ర్యాంకు తప్ప వేరే నిచ్చెన ఏముంది?" ఇది గట్టి ప్రశ్న. దివిసీమలోనో, కైకలూరు పక్కనో ఉన్న తండ్రి ఈ మాట అంటే తల వంచి వింటాను. కాని ఆ తండ్రికి నేను చెప్పేది ర్యాంకు వద్దని కాదు. ర్యాంకు కావాలంటే కూడా దారి ఇది కాదని. పట్టు బిగిస్తే గుండు చెదురుతుంది. లక్ష్యాన్ని తేరిపార చూస్తే సైటు మసకబారుతుంది. ఇవి దయాదాక్షిణ్యాల మాటలు కావు, గురి శాస్త్రం. పొలం అమ్మినవాడికి నష్టం చేస్తున్నది నా మాట కాదు, అతడి డబ్బు తీసుకొని అతడి బిడ్డకు తప్పు పట్టు నేర్పుతున్నవాడు.

"ఆ పద్ధతిలోనే ఏటా వందల మందికి సీట్లు వస్తున్నాయి కదా?" వస్తున్నాయి. వేల గుండ్లు ఒకేసారి పేలిస్తే కొన్ని చుక్కకు తగులుతాయి. తగిలిన గుండ్లను కత్తిరించి బెంజి సర్కిల్లో నిలువెత్తు బొమ్మలు కట్టటం గురి కాదు. చక్రం మొత్తం చూపించండి. ఎన్ని గుండ్లు వేశారు, ఎన్ని గోడకు తగిలాయి, ఎన్ని గోడ దాటి పోయాయి? ఫలకం చూపించకుండా మార్కు చెప్పేవాడిని ఏ పోటీలోనూ నమ్మరు.

"అయితే అర్జునుడిని వదిలేయమంటారా?" వద్దు. పూర్తిగా చెప్పమంటాను. చీకట్లో అన్నం తిన్న రాత్రి చెప్పండి. ఏళ్ళ సాధన చెప్పండి. పక్షి కృత్రిమమని చెప్పండి. చివరకు, ద్రోణుడి పరీక్షలో తప్పినవారెవరో కూడా చెప్పండి: ఆ రోజు బాణం వేయకుండా పక్కకు నిలబడిన ధర్మరాజే చివరకు రాజ్యం ఏలాడు. చెట్టునూ గురువునూ తమ్ములనూ ఒక్క చూపులో చూసిన కన్ను రాజ్యానికి పనికి వచ్చింది. పిట్ట తల ఒక్కటే కనపడే కన్నూ లోకానికి కావాలి, చెట్టంతా కనపడే కన్నూ కావాలి. తరగతి గదిలో రెండు రకాల పిల్లలూ కూర్చుంటారు. ద్రోణుడు ఒకరిని మెచ్చుకున్నాడు, తక్కినవారిని మందలించాడు. మందలించినవారిని విద్య నుంచి వెళ్ళగొట్టలేదు.

కళాశాలల వారిని నేను అడిగేవి పెద్దవి కావు. వారానికి ఒక్క రోజు మార్కులు లెక్కపెట్టని పరీక్ష పెట్టండి. అది చక్రం లేని దిమ్మ. పిల్లవాడి ఈ నెల మార్కులను పక్కవాడితో కాకుండా వాడి పోయిన నెల మార్కులతో పోల్చండి. అది నిలకడ లెక్క. "ఇవ్వాళ నా వల్ల కాదు" అన్నవాడిని బద్ధకస్తుడనకండి. వాడు తుపాకీ దించుతున్నాడు, మళ్ళీ ఎత్తుతాడు. సాయంత్రం ఒక గంట ఆటస్థలం ఇవ్వండి. స్థలం లేకపోతే కళాశాల ఎలా పెట్టారో మాకు చెప్పండి. ఇవేవీ చేయలేకపోతే కనీసం గోడ మీది అర్జునుడి బొమ్మ తీసేయండి. ఆయన పేరు మీద ఈ వ్యాపారం వద్దు.

తల్లిదండ్రులకు ఒక్కటే మనవి. ఆదివారం ఫోను ఇచ్చిన పది నిమిషాల్లో "ఎన్ని మార్కులు?" అని అడిగే ముందు "ఊపిరి ఆడుతున్నదా నాన్నా?" అని అడగండి. ఆడటం లేదంటే బస్సెక్కి వెళ్ళి పిల్లవాడిని ఇంటికి తెచ్చుకోండి. నాలుగు రోజులు చెరువు గట్టు మీద తిరగనివ్వండి. దించిన తుపాకీ పాడైపోదు. ఎత్తి పట్టుకొనీ పట్టుకొనీ వణుకుతున్న చేతి నుంచి వెళ్ళే గుండు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. ఒక్కొక్కసారి అది వెనక్కి తిరుగుతుంది.

నా మాటలో తప్పుందనేవారు నిరభ్యంతరంగా వాదించండి. ఒక్క షరతు. వాదించే ముందు ఎక్కడైనా సరే, ఒక కాగితపు చక్రం కట్టి, 25 మీటర్ల దూరం నుంచి, లక్ష్యం ఒక్కటే చూస్తూ, తుపాకీ బిగించి పట్టుకొని, దించకుండా పది గుండ్లు వేసి రండి. కంటికి అద్దాలు పెట్టుకోండి, వెనుక మట్టి బస్తాలు మరవకండి. ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టి, అప్పుడు పిట్ట కన్ను గురించి మాట్లాడండి.